శుక్రవారం క్లాసులో భాగ్యక్క వంతు

భివండి, నార్పోలి
శుక్రవారం, సాంచాలు బందైన పూట

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు సరోజ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. అమ్మ మోకాలు ఎలా ఉంది, వదిన దగ్గు తగ్గిందా, బాపు వేళకు మందులు వేసుకుంటున్నాడా, ముందు ఆ సంగతులు రాయి. మా గురించి బెంగ పెట్టుకోకండి. మీ బావ బాగున్నాడు, పింకి బాగుంది, నేనూ బాగానే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉన్నాను. మనసు సంగతి కింద రాస్తాను, అమ్మకు వినిపించేటప్పుడు ఆ ముక్క వదిలేసి చదువు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఎస్టీడీ బూత్‌లో నా వెనక నలుగురు నిలబడి ఒక కన్ను మీటరు మీద, ఒక కన్ను నా నోటి మీద వేసి ఉంటారు. అందరూ మన తెలుగువాళ్ళే, అన్నీ అర్థమవుతాయి. సిగ్గుపడాల్సిన మాట అక్కడెలా చెప్పను?

ఇక్కడి వాన మన వానలా వచ్చిపోయేది కాదు. పట్టిందంటే వదలదు. బట్టలు ఆరవు, పప్పుకు పురుగు పడుతుంది, మా ఖోలీ గోడ తడిసి ఉబ్బింది. ఖోలీ అంటే ఒంటిగదే, అందులోనే వంట, పడక, దేవుడు అన్నీ. మీ బావ బట్ట నేసే సాంచాలు నడిపే కార్ఖానా వెనక సందులోనే ఉంది. అన్నం తినేటప్పుడు కూడా గట్టిగా అరిచి మాట్లాడతాడు, చెవులు సాంచాల దగ్గరే వదిలి వచ్చినట్టు. దూది మాత్రం రోజూ తలలో తెచ్చుకుంటాడు. అమ్మ పంపిన మామిడి తొక్కు అయిపోయింది. అది ఉన్నన్నాళ్ళు అన్నం అన్నంలా ఉండేది.

నేను నూలు కండెలు చుట్టడం ఇంకా సరిగ్గా నేర్చుకోలేదు. పక్క ఖోలీలవాళ్ళు మూడు కండెలు చుట్టేలోగా నాది ఒకటవుతుంది, అదీ వదులుగా. వచ్చిన కొత్తలో ఈ చాల్‌లో, అంటే ఈ ఖోలీల వరసలో, నాకు ఏ గౌరవమూ లేదన్నా. డిగ్రీ చదివానంటే ‘అట్లనా’ అనేవాళ్ళు, అంతే. ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఒక్కోరోజు పింకి బడి ఆట ఆడమంటే దానితోనే ఇంగ్లీషు మాట్లాడేదాన్ని.

అలాంటప్పుడు ఎండాకాలంలో రాజవ్వ వచ్చింది. రాజవ్వ మా చాల్‌కు పెద్ద దిక్కు, పెళ్ళిళ్ళయినా కొట్లాటలైనా ఆమె చెప్పిందే మాట. పిల్లల బడి డైరీల్లో ఏం రాస్తున్నారో ఎవరికీ తెలియడం లేదనీ, సార్లు ఇంగ్లీషులో ఏమైనా అంటే తలలూపి వస్తున్నామనీ, ఆడవాళ్ళందరికీ నాలుగు ముక్కలు నేర్పమనీ అడిగింది. శుక్రవారం ఇక్కడ సాంచాలకు సెలవు. చప్పుడుండదు, మన సంఘం హాలు ఖాళీగా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం క్లాసు అన్నాం. ఆ రోజు నుంచి నేను టీచరమ్మనయ్యాను. ఒట్టు, ఆ పిలుపు వినడానికే నీళ్ళ పంపు దగ్గర కావాలని ఆలస్యం చేసేదాన్ని. చూశావా, ఎంత పొగరో.

నీ పద్ధతిలోనే మొదలుపెట్టాను. నాకు నేర్పినా, నీ బడిలో పిల్లలకు నేర్పినా, కంటి ముందున్నదాన్ని వాక్యం చెయ్యి అనేవాడివి కదా. బాపు చెప్పులు, అమ్మ గాజులు, వదిన వచ్చాక వదిన పుస్తకాలు. నేనూ అలాగే ఎవరి ఇంట్లో ఏముందో, ఎవరు ఏం చేస్తారో చెప్పించాను. ‘మై సన్స్ బుక్స్ ఆర్ ఓల్డ్.’ ‘మై డాటర్స్ టీచర్ గివ్స్ హోంవర్క్.’ ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పాలి, దాన్ని మిగతావాళ్ళంతా కలిసి అనాలి. వరసలో ఎవరినీ వదలకూడదని నా రూలు. ఆ రూలు గుర్తుపెట్టుకో.

లలిత అని ఒక అమ్మాయి ఉంది, పెద్ద నోరు. రెండో వారమే తల పట్టుకుంది. “ఒక్కడు పనిజేస్తే ఎనక ‘స్’ అంటవ్. వస్తువులు నాలుగైతే ‘స్’ అంటవ్. ఫలానోళ్ళది అన్నా ‘స్’ అంటవ్. ఈ ఇంగ్లీషుల అన్నిటికీ ఒకటే తోకనా టీచరమ్మా?” అంది. నేను నవ్వి, ఒక్క పిల్లలకు మాత్రం ఆ తోక లేదు, చైల్డ్ చిల్డ్రన్ అవుతుంది, చైల్డ్స్ కాదు అన్నాను. పిల్లలకు తోక లేకపోవడమేంది, మా ఇంటికొచ్చి చూడు అంది. హాలంతా నవ్వులే.

అసలు చిక్కు మొగుళ్ళ దగ్గర వచ్చింది. ఫలానా ఆయన షర్ట్‌లు అని చెప్పాలంటే పేరు రావాలి కదా. ఒక్కరూ నోరు తెరవరు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని ఒకరినొకరు పొడుచుకుంటారు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని. నన్ను చెప్పమన్నారు. నాకూ రాలేదు, నువ్వే చూడు, ఇంత పెద్ద ఉత్తరంలో మీ బావ అనే రాస్తున్నాను. చివరికి రాజవ్వే దారి చూపింది. “మనం ఎట్ల పిలుస్తమే? పిలగాండ్ల బాపు అనే కదా. గదే ఇంగ్లీషుల చెప్పు,” అంది. అలా పుట్టింది మా క్లాసు వాక్యం: ‘మై చిల్డ్రన్స్ ఫాదర్ రన్స్ లూమ్స్.’ నా పిల్లల తండ్రి సాంచాలు నడుపుతాడు. తర్వాత ఇక ఆగలేదు. ‘మై చిల్డ్రన్స్ ఫాదర్స్ షర్ట్స్ స్మెల్ ఆఫ్ ఆయిల్,’ ‘మై చిల్డ్రన్స్ ఫాదర్ ఈట్స్ ఆల్ ది పికిల్స్.’ చాల్ అంతా అదే పాట. మగవాళ్ళు ఇళ్ళకు వస్తుంటే పిల్లలు ‘చిల్డ్రన్స్ ఫాదర్ కమ్స్’ అని అరిచేవాళ్ళు. రాత్రి మీ బావ నవ్వుతూ, నీ ఇంగ్లీషు ఈ ఊరును పట్టుకుంది అన్నాడు. ఆ పొద్దు నేను నేల మీద నడిచానో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు భాగ్యక్క సంగతి చెప్పాలి.

భాగ్యక్క మా పక్క ఖోలీలో ఉంటుంది, మధ్యలో గోడ ఒక్కటే. వచ్చిన కొత్తలో సాంచాల చప్పుడుకు కళ్ళు మూతపడక ఏడుస్తుంటే, కొన్నాళ్ళు పోతే చప్పుడు ఆగితేనే నిద్ర పట్టదు చూడు అని నవ్వించింది. నా బిందె తన బిందె పక్కన వరసలో పెట్టింది. పింకికి జ్వరం వచ్చినప్పుడు నాతోపాటు మేలుకుంది. పింకి ఆమెను పెద్దమ్మా అంటుంది, సగం తిండి అక్కడే తింటుంది. పెళ్ళయి చాలా ఏళ్ళయింది కానీ భాగ్యక్కకు పిల్లలు లేరు. ఎవరింట్లో బిడ్డను తొట్టెలలో వేసినా ఆమెకు పిలుపు రాదు. ఎవరూ పిలవద్దు అనరు, పిలవడం మరిచిపోయినట్టు ఉంటారు. నా క్లాసుకు మాత్రం తనంతట తానే వచ్చింది, మొదటి రోజే, అందరికంటే ముందు.

ఆమెకు ఇంగ్లీషు ఊరికే కాదు, అవసరం. దగ్గర్లోనే టెంఘర్‌లో ఒక చిన్నపిల్లల ఇంగ్లీషు బడిలో ఆయా కావాలన్నారు. మేడమ్ ఇంగ్లీషులో అడుగుతుందని ఎవరో చెప్పారు. పొద్దస్తమానం కండెలతో మాట్లాడలేకపోతున్నాననీ, ఎంతిచ్చినా సరే పిల్లల మధ్యన ఉంటే చాలుననీ నాతో ఒక్కదానితోనే చెప్పింది. పిల్లల్లేనిదాన్ని పిల్లల దగ్గర పెట్టుకుంటారా అని లోపల భయం. నేను పెద్ద మొనగత్తెలా, నేనున్నాను కదా అక్కా, ఈ ఉద్యోగం నీదే అన్నాను.

ఆ శుక్రవారం వరసలో అందరూ చిల్డ్రన్స్ ఫాదర్ వాక్యమే చెబుతున్నారు. లలిత అయింది, లలిత తోడికోడలు అయింది. భాగ్యక్క వంతు వచ్చింది. లేచి నిలబడింది. మాట రాలేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను. చెప్పక్కా అన్నాను. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మేడమ్ ముందు కూడా ఇలాగే నిలబడతావా, మొదటి ముక్క నేనందిస్తాను అని ‘మై చిల్డ్రన్స్’ అని చెయ్యి ఎత్తి పట్టుకున్నాను, నువ్వు పట్టుకునేవాడివి చూడు, అలాగ. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం దేనికో కూడా తెలియలేదన్నా నాకు.

“ఆ మాట నాకు రాదు టీచరమ్మా,” అంది భాగ్యక్క.

“రాకపోవుడేంది? అందరు చెప్పిండ్రు. నోరు తెరిస్తే అదే వస్తది,” అన్నాను నేను.

ఇది నేను అన్న మాట. మార్చకుండా రాస్తున్నాను. రాజవ్వ నా వైపు చూసింది. ఎన్నడూ నోరు మూయని లలిత నేల చూసింది. అప్పుడు వెలిగింది. తల కొట్టేసినట్టయింది. నాకు తెలియని సంగతైతే తెలియదు అనుకోవచ్చు. గోడ పక్కన గోడ, నా బిడ్డకు అన్నం తినిపించే మనిషి. ఆమెకు పిల్లలు లేరని నాకంటే ఎవరికి తెలుసు? వాక్యం మీద మోజులో మనిషిని మరిచిపోయాను. భాగ్యక్క మెల్లగా కూర్చుంది. నేను తర్వాతి వంతు పిలిచాను. సారీ అనే మాట నేర్పిందే నేను, ఆ మాట నా నోట రాలేదు.

వారమంతా ఆమెకు మొహం చూపలేదు. పంపు దగ్గరికి పొద్దున్నే పోయి ఆమె రాకముందే వచ్చేదాన్ని. నా బిందె మాత్రం ఆమె బిందె పక్కనే ఉండేది, ఆమే పెట్టేది. సర్వపిండి చేసి పింకి చేత పళ్ళెంలో పంపాను, నేను పోలేదు. పళ్ళెం కడిగి, ఉత్తగా పంపకుండా గుప్పెడు చక్కెర వేసి పంపింది. నోరు మంచిదైతే ఊరు మంచిది అని అమ్మ ఎన్నిసార్లు అన్నదో. ఆ చక్కెర డబ్బాలో పోయలేక అలాగే మూత పెట్టి ఉంచాను, చీమలు పట్టాయి.

తర్వాతి శుక్రవారం భాగ్యక్క క్లాసుకు రాలేదు. వానలు మొదలయ్యాయని నేను కూడా తొందరగా ముగించి ఇంటికి వచ్చేశాను. సాంచాలు లేవు, కరెంటు లేదు. గోడ అవతల చిన్న మాట కూడా వినబడుతోంది. పింకి అక్కడ బడి ఆట ఆడుతోంది. అది టీచరు, భాగ్యక్క పిల్ల.

“రాకపోవుడేంది పెద్దమ్మా? అందరు చెప్పిండ్రు. చెప్పు, మై చిల్డ్రన్స్,” అంటోంది నా బిడ్డ. ఆ రోజు హాల్లో నా పక్కనే ఉండి అంతా విన్నది. నా గొంతే. ఆ విరుపు, ఆ దబాయింపు, అన్నీ నావే.

అన్నా, భాగ్యక్క చెప్పింది. పసిదాని ఆట చెడగొట్టడం ఇష్టంలేక మెల్లగా, మొదటి నుంచి చివరి వరకు ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ‘మై చిల్డ్రన్స్ ఫాదర్ రన్స్ లూమ్స్.’ పింకి చప్పట్లు కొట్టింది. నేను ఇవతల గోడకు ఆనుకొని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ మాట ఆమెకు రాక కాదు. ఎప్పుడో వచ్చు.

లేచి పోయాను. గడప దగ్గర నిలబడ్డాను, లోపలికి రమ్మంటే కానీ కాలు కదలలేదు. భాగ్యక్క నన్ను చూసి, నీ బిడ్డ నీ కంటే మంచిగా నేర్పుతది, కొట్టదు అని నవ్వింది. తప్పైంది అక్కా అన్నాను. ఇంకేదో చెప్పాలని ఇంట్లో కూడబలుక్కున్నదంతా పోయింది. ఆమె ఆ మాట విననట్టే చాయ పెట్టింది. పింకిని ఆడుకోమని బయటికి పంపింది. నా చేతికి గ్లాసు ఇచ్చి అప్పుడంది:

“సోమవారం రమ్మన్నది మేడమ్. పిల్లలెందరని అడుగుతది, అందరడిగేది ముందు గదే. అందరికి జవాబు నేర్పినవ్. నాకు నేర్పలే. నాది నాకు నేర్పు.”

గ్లాసు కింద పెట్టాను. నేర్పాను. ‘ఐ హావ్ నో చిల్డ్రన్.’ నేను చెప్పేటప్పుడే నా నాలుక తడబడింది. ఆమె అనింది. మొదటిసారి మధ్యలో ఆగింది. నోటికి పట్టేదాకా అనాలి అని క్లాసులో నేనే చెబుతాను కదా, ఆమె అదే పట్టుకుంది. కండె చుడుతూ అంటూనే ఉంది. చాలక్కా, వచ్చేసింది అంటే, ఆగు, ఇంకా గొంతు వణుకుతాంది, మేడమ్ ముందు వణుకద్దు అంది. చివరికి మన పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా వచ్చింది. అలా వచ్చాక ఆపింది. నేను ఇంటికి వచ్చి అన్నం వండలేదు, మీ బావ వడాపావ్ తెచ్చుకున్నాడు.

సోమవారం పోయి వచ్చింది. ఉద్యోగం దొరికింది. అన్నా, ఆ మేడమ్ ఒక్క ముక్క ఇంగ్లీషు అడగలేదట. అంతా హిందీలోనే. ఊరెక్కడ, గోళ్ళు చూపించు, ఎప్పటి నుంచి వస్తావ్, అంతే. పిల్లల ఊసే ఎత్తలేదు. అంటే ఆ వాక్యాన్ని అన్నిసార్లు ఆమె చేత అనిపించింది నేనొక్కదాన్నే. భాగ్యక్కకు అదేం పట్టలేదు, అందరి ఇళ్ళకూ కోవా పేడాలు పంచింది. మా ఇంటికి రెండు ఎక్కువ పెట్టింది. బడి తెరిచాక పింకిని కూడా అక్కడే వేశాం. పొద్దున్నే పెద్దమ్మ వేలు పట్టుకొని పోతుంది, నా వైపు తిరిగి కూడా చూడదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. అసలు సంగతి ఇవాళే జరిగింది, అందుకే ఇంటికి రాగానే కాగితం పట్టుకున్నాను.

ఇవాళ భాగ్యక్క మళ్ళీ క్లాసుకు వచ్చింది. పాత చోటే కూర్చుంది. వరస మొదలైంది. లలిత తోడికోడలు చెప్పింది. తర్వాత భాగ్యక్క. నేను ఆమె వైపు చూడకుండా ఆమె పక్కన కూర్చున్న కొత్త పిల్లను లేవమన్నాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను, ఒట్టు. నా రూలు నేనే తప్పాను. కొత్త పిల్ల లేవబోతే భాగ్యక్క దాని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి తాను లేచింది.

“నన్నెందుకు దాటేసినవ్ సరోజా? అందరు దాటేసేటోళ్ళే నన్ను. నువ్వొక్కదానివే అడిగినవనుకున్న,” అంది.

టీచరమ్మ అనలేదు. పేరు పెట్టి పిలిచింది. కోపంగా అన్నా బాగుండేది, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నాకు భూమిలోకి పోయినట్టయింది. మొదటిసారి అడిగి ఒక తప్పు చేశాను, ఇప్పుడు అడగక అంతకంటే పెద్దది చేశాను. నీ వంతే అక్కా, చెప్పు అన్నాను. అన్నానో, పెదవులు కదిలాయో.

‘ది చిల్డ్రన్స్ చప్పల్స్ గెట్ వెట్,’ అంది భాగ్యక్క. ‘ఐ డ్రై ది చిల్డ్రన్స్ చప్పల్స్.’ పిల్లల చెప్పులు తడుస్తాయి, ఆ చెప్పులు నేను ఆరబెడతాను. చప్పల్ ఇంగ్లీషు మాట కాదు. నేను దిద్దలేదు. రూలు ప్రకారం హాలంతా ఆ వాక్యాన్ని కలిసి అంది. రాజవ్వ అందరికంటే గట్టిగా అంది. నేను కూడా అన్నాను, తల దించుకొని.

మీ బావకు చెబితే, అయిపోయింది కదా, ఇంకెందుకు ఏడుస్తావ్ అంటాడు. ఆయనకు అర్థమయ్యేలా నాకు చెప్పరాదు. నీకైతే చెప్పకుండానే తెలుస్తుంది, నాకు ఈ చదువు చెప్పింది నువ్వే కదా.

బదులు రాసేటప్పుడు నీ బడిలో పాతవైపోయిన ఇంగ్లీషు వాచకాలు ఏమైనా ఉంటే చూడు, ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే పంపు. మామిడి తొక్కు ఈసారి రెండు డబ్బాలు పెట్టమని అమ్మతో చెప్పు, ఒకటి భాగ్యక్కకు. కారం కొంచెం ఎక్కువ వెయ్యమను, ఆమె కారం తింటుంది. అమ్మకు, బాపుకు నా పాదనమస్కారాలు, పెద్దనాయనకు దండాలు, వదినకు నా తరఫున ఒక జడపాయ లాగు. పింకి మామయ్యకు ముద్దులు పంపుతోంది, తానే టీచరునని కూడా చెప్పమంది. మేమంతా బాగున్నాం, నిజంగానే బాగున్నాం. మీ ఆశీర్వాదం ఉంటే నాకు ఇంకాస్త బుద్ధి కూడా వస్తుంది.

ఒక్కటి అడుగుతాను అన్నా, దాచకుండా రాయి. బాపు చెప్పులు, బాపు చొక్కాలు అని నీ క్లాసులో వరసగా చెప్పించేవాడివి కదా. బాపు లేని పిల్ల వంతు వచ్చినప్పుడు నువ్వు అడిగేవాడివా, దాటేసేవాడివా?

నీ చెల్లెలు,
సరోజ